పాస్‌వర్డ్ మారిందని మినిట్స్‌లో రాసే ముందు

(తర్లుపాడులో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



ఈరోజు నేను పచ్చిమేత గురించి గానీ, గాలికుంటు టీకాల గురించి గానీ మాట్లాడబోవడం లేదు. సంఘం కంప్యూటరుకు వేసే తాళం, అంటే పాస్‌వర్డ్ గురించి నాలుగు మాటలు చెబుతాను. అది కార్యదర్శి సంగతి, మాకెందుకు అనుకోవద్దు. మీరు పోసిన లీటర్లు, వెన్న శాతం, పక్షానికి రావలసిన డబ్బు, అన్నీ ఆ తాళం వెనుకనే వున్నవి.

నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో జరిగినది చెబుతాను. ఊరి పేరు అవసరం లేదు. రెండు గేదెలున్న ఒక తల్లి తన పాల చీటీలు ఒక డబ్బాలో దాచుకునేది. ఒక పక్షం బిల్లు తక్కువ వచ్చింది. చీటీలో వెన్న 7.2 వున్న పూట కంప్యూటరులో 6.2 అని వున్నది. ఎవరో తర్వాత దిద్దినారు. ఎవరు? పాత గుమాస్తా మానేసి అప్పటికి నెల దాటింది. మినిట్స్ పుస్తకం తీసి చూస్తే, "పాస్‌వర్డ్ మార్చడమైనది" అని తీర్మానం, దాని కింద అందరి సంతకాలు. కానీ యంత్రంలో పాతదే పనిచేస్తున్నది! మార్చబోయిన రోజు తెర మీద "మారలేదు" అని యంత్రం చెప్పింది. అది ఇంగ్లీషులో వుండడంతో ఎవరూ చదవలేదు. పైగా పాత గుమాస్తా, కొత్త గుమాస్తా, కార్యదర్శి ముగ్గురూ ఒకే పేరుతో లోపలికి వెళ్ళేవారు. అందువల్ల ఎవరి మీదా తప్పు నిలపలేకపోయాము. తేడా డబ్బు సంఘమే భరించింది. ఆ తల్లి చీటీలు దాచుకోకపోతే అదీ లేదు.

ఇంతకూ ఆనాడు పాస్‌వర్డ్ ఎందుకు మారలేదు? ఆ సంఘంలో వున్నది లినక్స్ మీద నడిచే సర్వరు. బొమ్మలు వుండవు. నల్లని తెర మీద ఆజ్ఞలు టైపు చేయాలి. పాస్‌వర్డ్ మార్చే ఆజ్ఞ, ఆ ఇంగ్లీషు మాటలోనే ఓ, ఆర్ అనే రెండక్షరాలు తీసివేస్తే మిగిలేది: పి, ఎ, ఎస్, ఎస్, డబ్ల్యు, డి. అది కొడితే ముందు పాత పాస్‌వర్డ్ అడుగుతుంది, తర్వాత కొత్తది రెండుసార్లు అడుగుతుంది. టైపు చేసేటప్పుడు తెర మీద చుక్క కూడా కనపడదు. కీబోర్డు చెడిపోయిందని కంగారుపడవద్దు. పక్కవాడు అక్షరాలు లెక్కపెట్టకుండా అలా చేసినారు.

మారనప్పుడు ఈ వరుసలో చూడండి.

ఒకటి, పాత పాస్‌వర్డే తప్పు కొట్టి వుండవచ్చు. క్యాప్స్ లాక్ దీపం వెలుగుతున్నదా, అంకెల కోసం నమ్ లాక్ వేసి వున్నదా చూడండి. కొన్నిచోట్ల పలుమార్లు తప్పు కొడితే ఖాతా కొంతసేపు మూసుకుపోయేట్లు అమర్చి వుంటుంది. ఆగి ప్రయత్నించండి.

రెండు, కొత్తది మరీ పొట్టిగా వున్నా, పాతదానికి దగ్గరగా వున్నా, అందరూ ఊహించే మాటైనా యంత్రం ఒప్పుకోదు. ఊరి పేరు పక్కన 123 పెట్టడం తాళం చెవి గడప మీద పెట్టడంతో సమానం. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి.

మూడు, నిన్ననే మార్చి మళ్ళీ ఈరోజు మార్చబోతే, ఇంకా గడువు కాలేదనవచ్చు. సి, హెచ్, ఎ, జి, ఇ అనే ఆజ్ఞ ఆ గడువులు చూపుతుంది.

నాలుగు, అన్నీ సరిగా కొట్టినా మారకపోతే డిస్కు నిండిందేమో చూడండి. డి, ఎఫ్ అని కొడితే ఎంత నిండిందీ తెలుస్తుంది. పాస్‌వర్డ్ మార్చడమంటే యంత్రం ఒక కొత్త దస్త్రం రాసి పాతదాని స్థానంలో పెట్టడం. రాయడానికి చోటు లేకపోతే పాతదే నిలుస్తుంది. నేను చెప్పిన సంఘంలో జరిగినది ఇదే. డిస్కు దెబ్బతిని, చదవడానికే తప్ప రాయడానికి వీలులేని స్థితికి పోయినా ఇంతే. చోటు కోసం తోచిన దస్త్రమల్లా చెరిపేయవద్దు. తెలిసినవారిని పిలిచి, ముందు పాల లెక్కలకు నకలు తీయించండి.

"మరచిపోతే పాతది వెతికి చెప్పరా?" అని కొందరు అడుగుతారు. చెప్పలేరు. పాలు తోడుపెడితే పెరుగవుతుంది, పెరుగును తిరిగి పాలు చేయలేము. యంత్రం మీ పాస్‌వర్డును అలా తోడుపెట్టి దాస్తుంది. మీరు టైపు చేసినదానికి మళ్ళీ అదే తోడు వేసి, అదే పెరుగు వచ్చిందా అని పోల్చుతుంది. 1960లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఉన్నవి ఉన్నట్టే దాచేవారు. ఒకనాడు రెండు దస్త్రాలు తారుమారై, యంత్రం తెరిచిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డులూ కనపడినాయి! అందువల్ల మరచిపోతే నిర్వాహకుడు కొత్తది పెట్టగలడే గానీ పాతది చెప్పలేడు. నిర్వాహకుడే మరచిపోతే, యంత్రం ముందు కూర్చుని మరమ్మతు పద్ధతిలో తెరిచి మార్చే దారి వున్నది. ఆ దారి దొంగకూ వున్నది. కనుక కంప్యూటరు గదికి ఇనుప తాళమూ వుండాలి.

ఇంకొక సంగతి. యంత్రం పాస్‌వర్డు వేరు, పాల లెక్కల ప్రోగ్రాం పాస్‌వర్డు వేరు. ఒకటి మారిస్తే రెండవది మారదు. అప్పటికే లోపల వున్నవాడు పాస్‌వర్డ్ మారినంత మాత్రాన బయటికి పోడు. దూరం నుంచి తెరిచేందుకు మీట దస్త్రం పెట్టుకున్నవాడికి పాస్‌వర్డుతో పనే లేదు. గుమాస్తా మానేసిన రోజున ఆయన ఖాతాను మూయించి, ఆ మీటను కూడా తీయించాలి.

అలాగని నెలనెలా మార్చనక్కరలేదు. అమెరికా ప్రమాణాల సంస్థ కూడా 2017లో ఆ నియమం వద్దన్నది. నెలనెలా మారిస్తే జ్ఞాపకం వుండక, మన మార్కాపురం పలక మీద సుద్దముక్కతో రాసి గోడకు తగిలిస్తారు! మనిషి మారినప్పుడు, బయటపడిందని అనుమానం వచ్చినప్పుడు తప్పక మార్చండి. తలకొక పేరు, తలకొక పాస్‌వర్డు వుండనివ్వండి. అప్పుడే ఎవరు దిద్దినదీ తెలుస్తుంది. నిర్దోషికి మచ్చ రాకుండా వుంటుంది.

చివరిమాట. తీర్మానం రాసినంత మాత్రాన పాస్‌వర్డ్ మారదు. "మారింది" అన్న మాట తెర మీద చదవండి. తెరిచిన కిటికీ మూయకుండా మరొకటి తెరిచి, కొత్తదానితో లోపలికి వెళ్ళి చూడండి. పాతదానితో వెళ్ళబోయి, వెళ్ళలేకపోవడమూ చూడండి. అప్పుడు మినిట్స్ రాయండి. ఇద్దరు పాలకవర్గ సభ్యులు పక్కన నిలబడితే మంచిది. పాస్‌వర్డ్ చూడవద్దు, ఫలితం చూడండి. సభ్యులు వచ్చే సర్వసభ్య సమావేశంలో అడగండి: మానేసినవారి ఖాతాలు మూసినారా, మూసినట్లు పరీక్షించి చూసినారా అని. అడగడం మీ హక్కు. అంతవరకు పాల చీటీలు మాత్రం పారేయకండి.

సెలవు.