ఎదురు నిలిచేది సాటిదే

రసాయనశాస్త్ర బోధనకు జీవితాన్ని ధారపోసిన ఒక అధ్యాపకుని స్మృతికి అంకితమైన ఈ సభలో, శాస్త్ర పరిభాషలోని ఒక చిన్న కుటుంబాన్ని గురించి మాట్లాడదలిచాను. గ్రీకులో ‘ఎనాన్తియోస్’ అంటే ఎదురుగా ఉన్నది, వ్యతిరేకమైనది. రసాయనశాస్త్రంలోని ఎనాన్షియోమర్, ఘనపదార్థాల రూపాంతరాలకు సంబంధించిన ఎనాన్షియోట్రోపీ, శిలాజశాస్త్రంలోని ఎనాన్షియోర్నితీస్ ఆ మూలం నుంచి పుట్టినవే. నా ప్రతిపాదన ఇది: శాస్త్రంలో రెండు వస్తువులు ఒకదానికొకటి వ్యతిరేకం కావాలంటే, ముందు అవి దాదాపు అన్నిటా సమానంగా ఉండాలి, తేడా ఒక్కచోటనే ఉండాలి. ఆ ఒక్కచోటు ఏదో చెప్పలేకపోతే వ్యతిరేకమన్న మాటకు శాస్త్రంలో విలువ లేదు.

మొదటి సాక్ష్యం 1848 నాటిది. వైన్ పీపాల లోపల పేరుకునే మడ్డి నుంచి టార్టారిక్ ఆమ్లం వస్తుంది. దాని ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపుకు తిప్పుతుంది. అదే సంఘటనం ఉన్న మరో ఆమ్లం, రెసిమిక్ ఆమ్లం, కాంతిని ఏమాత్రం తిప్పదు. ఈ రెండింటి లవణాల స్ఫటికాలకు ఏ తేడా లేదని జర్మన్ శాస్త్రవేత్త మిట్షర్లిష్ అప్పటికే ప్రకటించి ఉన్నాడు. పాతికేళ్ల లూయీ పాశ్చర్ ఆ మాటను అక్కడితో వదల్లేదు. రెసిమిక్ ఆమ్లపు సోడియం అమ్మోనియం లవణాన్ని చల్లని పరిస్థితుల్లో నెమ్మదిగా స్ఫటికీకరించి, ఒక్కొక్క పలుకునూ పరిశీలించాడు. ప్రతి స్ఫటికానికీ అంచున ఒక చిన్న ముఖం ఉంది. కొన్నిటిలో అది కుడికి, కొన్నిటిలో ఎడమకు వాలి ఉంది. వాటిని చేత్తో ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్ప ద్రావణం కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకు. సమపాళ్లలో కలిపితే భ్రమణం సున్నా. వయోవృద్ధుడైన భౌతిక శాస్త్రవేత్త బియో తన కళ్లెదుట మళ్లీ చేయించి చూసుకున్నాకే ఈ ఫలితాన్ని ఒప్పుకున్నాడు. మిట్షర్లిష్ ఈ తేడాను గమనించకపోవడంలో వింతేమీ లేదు. ఆ రెండు రకాల స్ఫటికాలు నిజంగానే అంత సమానం. ద్రవీభవన స్థానం ఒకటే, సాంద్రత ఒకటే, నీటిలో కరిగే తీరూ ఒకటే. కుడిచేతికీ ఎడమచేతికీ ఉన్న తేడా లాంటిదే వీటి మధ్య ఉన్నదీ: వేళ్లు అన్నే, పొడవులు అవే, అయినా ఒకదాని తొడుగు మరొకదానికి పట్టదు. ఇలాంటి ప్రతిబింబాల జంటలోని రూపాలే ఎనాన్షియోమర్లు. కర్బన పరమాణువు నాలుగు బంధాలూ చతుర్ముఖి మూలలవైపు సాగుతాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా ప్రతిపాదించాక, ఈ వ్యతిరేకానికి అణువులోనే చోటు దొరికింది.

రెండో సాక్ష్యం రాళ్లలోది. అర్జెంటీనాలోని ఎల్ బ్రెతె ప్రాంతపు క్రెటేషియస్ శిలాజాలను పరిశీలించిన సిరిల్ వాకర్, 1981లో ఒక కొత్త పక్షి వర్గానికి ఎనాన్షియోర్నితీస్, అంటే వ్యతిరేక పక్షులు, అని పేరు పెట్టాడు. పేరు వినగానే పక్షిలక్షణాలన్నీ తలకిందులైన జీవి మనసులో మెదులుతుంది. అసలు సంగతి భుజం దగ్గర ఒక్క కీలులో ఉంది. ఇప్పటి పక్షుల్లో కొరకాయిడ్ ఎముకకు గుంట, స్కాపులాకు బుడిపె ఉండి ఒకదానిలో ఒకటి అమరుతాయి. ఆ పక్షుల్లో గుంట స్కాపులాకు, బుడిపె కొరకాయిడ్‌కు ఉన్నాయి. ఈకలూ, రెక్కలూ, ఎగిరే శక్తీ రెంటికీ ఉన్నవే. వంశవృక్షంలో చూస్తే ఇవి నేటి పక్షుల శాఖకు అతి దగ్గరి జ్ఞాతులు. బల్లులకూ కాకులకూ మధ్య ఎన్ని తేడాలున్నా బల్లిని వ్యతిరేక పక్షి అని ఎవరూ అనరు. ఎనాన్షియోట్రోపీ సంగతీ ఇంతే. రాంబిక్ గంధకం సుమారు 95.5 డిగ్రీల సెల్సియస్ దాటితే మోనోక్లినిక్ రూపంలోకి మారుతుంది, చల్లారితే వెనక్కి వస్తుంది. ఎదురెదురు దిశల్లో ప్రయాణం సాధ్యమైంది రెండు చివరలా ఉన్నది ఒకే గంధకం కాబట్టే.

దీనికి మొదటి అభ్యంతరం భౌతికశాస్త్రం నుంచి వస్తుంది. ఇదే మూలానికి చెందిన ‘యాంటీ’తో మొదలయ్యే యాంటీపార్టికల్స్‌కు, అంటే ప్రతికణాలకు, మామూలు కణాలు ఎదురైతే రెండూ అంతరించిపోతాయి కదా, ఇది సామ్యమా, వైరమా అని అడగవచ్చు. 1932లో కార్ల్ ఆండర్సన్ కనుగొన్న పాజిట్రాన్‌నే తీసుకుందాం. దాని ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌దే. ఆవేశం అంతే పరిమాణం, గుర్తు మాత్రం వేరు. అది ఎలక్ట్రాన్‌తో కలిస్తే రెండూ గామా కిరణాలుగా మారతాయి. ప్రోటాన్‌తో మాత్రం అది అలా అంతరించదు. అంటే ఆ వినాశానికి కూడా సరిజోడు కావాలి. పోలిక లేనిచోట ఆ వైరమూ లేదు. సెర్న్‌లో బంధించిన ప్రతిహైడ్రోజన్ హైడ్రోజన్ లాగే కాంతిని గ్రహిస్తుందని కొలిచారు. అది కిందికే పడుతుందని 2023లో తేల్చారు. ఇక యాంటీబయాటిక్ వంటి మాటలు ఒక పదార్థం చేసే పనిని చెబుతాయి. అక్కడ ‘యాంటీ’ అంటే విరుగుడు. వాటికి నా ప్రతిపాదన వర్తించదు, వర్తింపజేయకూడదు కూడా.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఎనాన్షియోమర్లు అంతటి సమానమైనవైతే శరీరం వాటిని వేరువేరుగా ఎందుకు చూస్తుంది? మన పుదీనాలోని కార్వోన్, సోయికూర గింజల్లోని కార్వోన్ పరస్పర ప్రతిబింబాలు; వాసనలు మాత్రం వేరు. దీనికి జవాబు శరీరంలోనే ఉంది. మన ప్రోటీన్లు ఎడమచేతి వాటపు అమైనో ఆమ్లాలతో కట్టినవి కాబట్టి గ్రాహకాలకూ ఒక వాటం ఉంటుంది. ఒక వాటం ఉన్నది ఎదురైతేనే ఈ జంటలోని తేడా బయటపడుతుంది. మందుల షాపులో తుమ్ములకూ దురదకూ ఇచ్చే రెండు మాత్రలను పక్కపక్కన పెట్టి చూడండి: సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు, లెవోసెటిరిజిన్ 5 మిల్లీగ్రాములు. మొదటిదానిలో రెండు రూపాలూ సగం సగం ఉన్నాయి, రెండోదానిలో పనిచేసే రూపం ఒక్కటే ఉంది. మోతాదు సగమైంది అందుకే. అయితే ఒక రూపం మంచిది, మరొకటి చెడ్డది అని విడదీసి ఊరుకుంటే సరిపోదు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే మందు వల్ల పలు దేశాల్లో వేలాది శిశువులు అవయవలోపాలతో పుట్టారు. హాని చేసిన రూపాన్ని తీసేసి ఉంటే ఆ ఘోరం తప్పేదని తరచూ రాస్తుంటారు. అది నిజం కాదు. ఆ రెండు రూపాలూ శరీరంలో ఒకదానిలోకి ఒకటి మారిపోతాయి. వాటి తేడా మీదే చూపు నిలిపినవారికి కనిపించనిది ఆ దగ్గరితనమే.

కుడి, ఎడమ అనేవి మనం పెట్టుకున్న పేర్లేగా అన్నది మూడో అభ్యంతరం. పేర్లు మనవే. ఎమిల్ ఫిషర్ చక్కెరల రూపాలను గీసినప్పుడు రెండు అవకాశాల్లో ఒకదాన్ని ఊహించి ఎంచుకున్నాడు. 1951లో బైవూట్ బృందం ఎక్స్ కిరణాలతో టార్టారిక్ ఆమ్లపు లవణాన్ని పరీక్షించి, ఆ ఊహ సరైనదేనని చూపింది. ఊహ తప్పయి ఉంటే బొమ్మలన్నీ తిరగరాసేవాళ్లం. జంట మాత్రం జంటగానే ఉండేది.

అందుకని తెలుగులో శాస్త్రం చెప్పేవారికీ, పాఠాలు రాసేవారికీ నా విన్నపం ఒకటి. ఎనాన్షియోమర్‌ను బోర్డు మీద నిర్వచించే ముందు, ఆ రెంటికీ సమానమైనవేవో విద్యార్థుల చేత వరుసగా చెప్పించండి. ఆ పట్టిక పూర్తయ్యాకే తేడా ఎక్కడుందో అడగండి. తరగతి గది బయట కూడా రెండు మతాలు, రెండు ప్రాంతాలు, రెండు సిద్ధాంతాలు పూర్తిగా వ్యతిరేకమని ఎవరైనా అన్నప్పుడు ఏ విషయంలో అని, మిగతా ఏయే విషయాల్లో సమానమని అడగడం ఆ అలవాటు నేర్పే క్రమశిక్షణ. ఆ రెండు ప్రశ్నలకూ జవాబివ్వలేనివాడు తేడాను కనుగొన్నట్టు కాదు, ప్రకటించాడంతే.