సంఘమును ధరల కట్టుబాటును
(మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభకు వచ్చిన తీర్మానములలో నొకదానిని గూర్చి మేము మనవి చేయదలచితిమి. మన కల్లు దుకాణములవా రెవ్వరును సీసాను నిర్ణీతమైన ధరకు తక్కువగా నమ్మరాదని సంఘము కట్టుబాటు చేయవలెనని యా తీర్మానము. మోకు కట్టి తాడెక్కి, కాలు జారినచో ప్రాణమే గోలుపోవు గీతకానికి గిట్టుబాటు కావలయుననుట న్యాయమే. కాని మార్గ మది కాదు.

2002 సంవత్సరపు కాంపిటీషన్ చట్టము ప్రకారము, ఒకే సరుకు నమ్మువారు కూడబలుకుకొని ధర కట్టుట చట్టవిరుద్ధము. 2021 సెప్టెంబరు 24 న కాంపిటీషన్ కమిషన్ బీరు కంపెనీలపై తీర్పు చెప్పెను. 2009 మొదలు 2018 అక్టోబరు వరకు ఆంధ్రప్రదేశము, కర్ణాటకము, మహారాష్ట్రము మున్నగు చోట్ల ఆ కంపెనీలు ధరలను లోపాయికారిగా కుదుర్చుకొన్నవని తేల్చెను. పాత సీసాలను కొను విషయమునను రెండు కంపెనీలు కూడబలుకుకొన్నవట.

ధరల కనుమతి నిచ్చునది సర్కారే గదా యని కంపెనీలు వాదించినవి. అర్జీలో నెంత కోరవలెనో ముందుగా కలసి నిర్ణయించుకొన్నవారికి ఆ సాకు చెల్లలేదు. యునైటెడ్ బ్రూవరీస్‌కు సుమారు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్ ఇండియాకు సుమారు 121 కోట్ల రూపాయలు జరిమానా పడినది. తొలుత గుట్టు విప్పిన ఏబీ ఇన్‌బెవ్‌కు జరిమానా పూర్తిగా తప్పినది. 2022 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు ఆ తీర్పునే స్థిరపరచెను. పిమ్మట వ్యాజ్యము సుప్రీంకోర్టునకు బోయినది.

కోటీశ్వరుల గొడవ మనకేల యందురేమో! ఆ కంపెనీల సంఘమగు అఖిల భారత బ్రూవర్ల సంఘమునకును సుమారు 6 లక్షల 25 వేల రూపాయల జరిమానా పడినది. సంఘ మొక్క సీసానైనను అమ్మి యెరుగదు. ధరల మంతనమునకు తావిచ్చుటయే దాని తప్పిదము. సంఘపు పెద్దలు సయితము స్వయముగా జవాబుదారులగుదురు.

కులపు కట్టుబాటు మన పెద్దలు మనకిచ్చిన బలము. ఆ బలముతో తాటివనములను కోరుదము. చెట్టుపై నుండి పడినవాని కుటుంబమునకు పరిహారము కోరుదము. పన్నుల భారమును బహిరంగముగా సర్కారునకు విన్నవింతము. వీనికి చట్టము అడ్డురాదు. సీసా ధరను మాత్రము ఎవరి దుకాణమున వారే నిర్ణయించుకొనవలయును. మనవద్ద కల్లు కొనువాడును మనవలె కూలిచేసి బ్రదుకు పేదవాడే యని మరువరాదు.

కావున తీర్మానమును ప్రతిపాదించిన సోదరులు దానిని ఉపసంహరించుకొందురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.