కత్తితో గెలిచిన భూమి, కాగితంపై స్థిరపడిన హక్కు
(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

భూమి చరిత్ర అనగానే మనకు జమీందార్లు, దేశ్‌ముఖ్‌లు గుర్తొస్తారు. ఈరోజు ఇంగ్లాండు సంగతి చూద్దాం. అక్కడ ఒక సైనికుడు భూస్వామి ఎలా అయ్యాడో తెలుసుకుందాం.

అతని పేరు విలియం ద వారెన్. ఫ్రాన్స్ ఉత్తర తీరాన నార్మండీలో ఒక ప్రభు కుటుంబంలో చిన్న కొడుకు. 1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్ వద్ద నార్మండీ డ్యూక్ విలియం పక్షాన పోరాడాడు. ఇంగ్లాండు రాజు హెరాల్డ్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. డ్యూక్ రాజయ్యాడు. తనకు తోడు నిలిచినవాళ్లకు ఓడినవాళ్ల భూములు పంచాడు.

ససెక్స్‌లో లూయిస్ చుట్టుపక్కల ప్రాంతం వారెన్‌ది అయింది. యార్క్‌షైర్‌లో చనిపోయిన హెరాల్డ్‌కే చెందిన కొనిస్‌బరో దక్కింది. నార్ఫోక్‌లోనైతే అంతకుముందు స్వతంత్రంగా బతికిన రైతులు చాలామంది అతని పెత్తనం కిందికి వెళ్లారు. 20 ఏళ్లు తిరిగేసరికి అతనికి 13 కౌంటీల్లో భూములున్నాయి. బదులుగా రాజు పిలిస్తే రౌతులను వెంటబెట్టుకుని యుద్ధానికి వెళ్లాలి. ఆ రౌతులకు తిండి, గుర్రాలకు మేత ఎక్కడివి? నాగలి పట్టినవాళ్ల కష్టంలోంచి వచ్చినవే.

1086లో రాజు దేశమంతా భూసర్వే చేయించాడు. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఈ భూమి ఎవరిది, ఇప్పుడెవరిది, నాగళ్లెన్ని, మనుషులెందరు, విలువ అప్పుడెంత, ఇప్పుడెంత అని అడిగారు. అదే డూమ్స్‌డే బుక్. డూమ్స్‌డే అంటే తీర్పు దినం. అందులో రాసినదానిపై అప్పీలు లేదు కాబట్టి జనం ఆ పేరు పెట్టారు.

ఇక్కడే మనం గమనించాల్సిన విషయం ఉంది. ఆ పుస్తకంలో వారెన్ పేరు ఉంది. అతని పొలాలు దున్నినవాళ్ల పేర్లు దాదాపు లేవు. ఊరికి ఇంతమంది రైతులు, ఇంతమంది కూలీలు, ఇంతమంది బానిసలు అని నాగళ్లతోపాటు లెక్క మాత్రమే ఉంది. కత్తితో గెలిచింది ఆ రాతతో హక్కయింది. 1088లో వారెన్ చనిపోతే ఆస్తి కొడుక్కి చేరింది. దున్నినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

రికార్డు అంటే ఉత్త కాగితం కాదు మిత్రులారా! అందులో ఎవరి పేరుంటే భూమి వాళ్ల దగ్గర నిలుస్తుంది. పహాణీలో సాగుదారు పేరు ఉండాలని, కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని మనం పట్టుబట్టేది ఇందుకే. దున్నేవాడు లెక్కలో అంకెగా మిగిలిపోకూడదు. రేపు గ్రామసభకు వెళ్లినప్పుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పొలం సాగు చేస్తున్నవాడి పేరు ఎక్కడ రాశారు?