కూడి చేయు పని నిలుచు విధము



పలువురు గూడి పని నారంభించుట సులభము; ఆ కూడిక యేండ్ల తరబడి చెడక నిలుచుట దుర్లభము. అది యెట్లు నిలుచునో తెలియుటకు మన యాత్రేయపురపు పూతరేకులను జూచిన జాలును.

బియ్యము నానబెట్టి, మెత్తగా రుబ్బి, పిండిని పలుచన చేసి, అందు ముంచిన గుడ్డను కాగిన కుండపై నొకసారి పఱచి లాగినంతనే సన్నని రేకు దిగును. నేయి పూసి, చక్కెరయో బెల్లపుపొడియో చల్లి, దానిని చుట్టుట వేఱొకరి పని. రేకు మందముగా వచ్చినచో ఆ దోషము చుట్టు చేతికే మొదట తెలియును. దాని కారణము పిండి కలిపిన చేతికే తెలియును. కావున దోషవార్త ఆనాడే, నిందావాక్యము లేక, పొయ్యికడకు చేరవలయును. చేరనిచోట దోషము నిలుచును, కూటమి చెదరును.

రెండవది శ్రమను పంచుకొనుట. పొయ్యిసెగయు పొగయు నొక్కరి పాలే యైనచో ఎంతటి నేర్పరియైనను అలయును. చుట్టువారు రేకు తీయుటయు, తీయువారు చుట్టుటయు నేర్చియున్నచో ఒకరు జబ్బుపడినను పని యాగదు. అంతకు మించి, ఒకరి కష్టము నొకరెఱుంగుదురు.

మూడవది ప్రతిఫలము. ద్వంద్వసమాసమున ఉభయపదములకును ప్రాధాన్యము. బహువ్రీహియందు రెండు పదములును అన్యపదార్థమునకు లోబడును. కూటమి గౌరవమునను కూలియందును ద్వంద్వమై, లక్ష్యమునందు బహువ్రీహియై యుండవలయును. కష్టము నందఱికిని పంచి, ఫలమున నొక్కరినే ప్రధానము చేసిన కూటమికి విగ్రహవాక్యమే కుదురదు.

2023వ సంవత్సరమున ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ కీర్తి యే యొక్క యంగడిదియు గాదు, ఊరిది. అయినను పెట్టెను గొనువారికి అంగడి పేరే కనబడును గాని, పొయ్యికడ గూర్చున్న యామె పేరు తెలియదు. ఆమె కుమార్తె యీ విద్యను నేర్వనొల్లనినాడు గుర్తింపుపత్రము మిగులును, రేకు మిగులదు.

కావున వ్యాపారము నడపు పోషకులకు నా విన్నపము. వారమున కొకమాఱు పనివారి నందఱిని మీ సరసనే కూర్చుండబెట్టుకొని, పాడైన రేకుల కారణమును, రావలసిన కూలిలెక్కను అందఱియెదుటనే తేల్చుకొనుడు. మనము సంవత్సరమున కొకమాఱు చేయు నీ మహాసభ కంటె ఆ చిన్నసభయే మన వృత్తి నెక్కువ కాలము నిలుపును.

స్వస్తి.