తూము వంటిది ట్రాన్సిస్టరు
(పాఠశాల ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠము)



విజ్ఞాన ప్రదర్శనకు ముందునాటి సాయంకాలం. తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె తోటకు దానంతట అదే నీరు పెట్టే నమూనాను సిద్ధం చేసింది. మట్టి ఎండినదని గ్రహించే సాధనం ఉన్నది. నిర్ణయం తీసుకొనడానికి ఆర్డ్యుయినో ఊనో బోర్డు ఉన్నది. నీరు తోడడానికి 12 వోల్టుల చిన్న పంపు ఉన్నది. పంపు తీగను బోర్డు పిన్నుకు నేరుగా తగిలించింది. పంపు తిరగలేదు, ఆ పిన్ను మరి పనిచేయలేదు. బోర్డు మంచిది కాదన్నారు కొందరు. ఇది నీవల్ల అయ్యే పని కాదన్నారు మరికొందరు. నిజానికి లోపం బోర్డుదీ కాదు, బాలిక తెలివిదీ కాదు. నడుమ ఉండవలసినది ఒకటి లేకపోయింది.

లెక్క చూడండి. ఆ బోర్డులోని మైక్రోకంట్రోలరు పేరు ఏటీమెగా 328పి. దాని పిన్ను ఇచ్చేది 5 వోల్టులు. నిశ్చింతగా ఇవ్వగల విద్యుత్ ప్రవాహం 20 మిల్లీ ఆంపియర్లు; 40 దాటితే చెడిపోయే ప్రమాదమున్నది. పంపు కోరేది 12 వోల్టులు, 1 ఆంపియరు, అనగా 1000 మిల్లీ ఆంపియర్లు. ఇవ్వగలదానికి అది యాభై రెట్లు. ఆజ్ఞ ఇవ్వడానికి పుట్టినదానిచేత బరువు మోయించినందున వచ్చిన చిక్కు ఇది.

చెరువుకట్ట మీది నీరటికాడిని తలచుకొనండి. తూము మూత అతడొక్కడే పైకెత్తుతాడు. ఆయకట్టు అంతటికీ నీరు పారుతుంది. ఆ నీటిని తోసేది అతని భుజబలం కాదు, చెరువులోని నీటి బరువే. ఇక్కడ మైక్రోకంట్రోలరు నీరటికాడు, 12 వోల్టుల సరఫరా చెరువు, ట్రాన్సిస్టరు తూము. ఈ అర్ధవాహక సాధనాన్ని 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ తొలిసారి పనిచేయించారు. విలియం షాక్లీతో కలిసి వారికి 1956లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ పంపుకు టిప్ 122 అనే ట్రాన్సిస్టరు సరిపోతుంది. పంపు తీగలలో ఒకటి 12 వోల్టుల ధనధ్రువానికి, రెండవది కలెక్టరుకు కలపాలి. ఎమిటరును ఋణధ్రువానికి కలపాలి. బోర్డు పిన్ను నుండి బేసుకు సంకేతం వెళ్లాలి. అయితే మూడు జాగ్రత్తలు తప్పనిసరి.

మొదటిది, బేసుకు ముందు నిరోధకం. అది లేకపోతే పిన్ను నుండి ప్రవాహం హద్దు మీరుతుంది. ఈ ట్రాన్సిస్టరు బేసు, ఎమిటరుల నడుమ సుమారు 1.4 వోల్టులు నిలుస్తాయి. 5 నుండి అవి పోగా మిగిలిన 3.6 వోల్టులను 470 ఓములతో భాగిస్తే 7.7 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. పంపును నడపడానికి అది చాలు, పిన్నుకు భారమూ కాదు.

రెండవది, డయోడు. మోటారులో తీగచుట్టలు ఉంటాయి. ప్రవాహాన్ని హఠాత్తుగా ఆపితే వాటి అయస్కాంత క్షేత్రం కూలి, 12 వోల్టులకు ఎన్నో రెట్లు వోల్టేజి పుట్టి ట్రాన్సిస్టరును ఛేదించగలదు. 1ఎన్4007 డయోడును పంపుకు సమాంతరంగా, గీత ఉన్న కొన ధనధ్రువం వైపుండేలా కలిపితే ఆ ప్రవాహం అందులోనే తిరిగి తిరిగి శమిస్తుంది.

మూడవది, ఉమ్మడి భూమి. 12 వోల్టుల సరఫరా ఋణధ్రువాన్ని, బోర్డు గ్రౌండును ఒకచోట కలపాలి. లేకుంటే 5 వోల్టుల సంకేతానికి తిరుగుదారి ఉండదు. ఆజ్ఞ ట్రాన్సిస్టరుకు చేరదు.

ట్రాన్సిస్టరులో సుమారు ఒక వోల్టు ఖర్చై, ఒక వాటు వేడిగా మారుతుంది. కనుక దానికి చిన్న అల్యూమినియం పలకను బిగించడం మంచిది.

బాలలారా, ఒక హెచ్చరిక. ఇదంతా 12 వోల్టుల ఏకముఖ ప్రవాహానికి మాత్రమే. ఇంటి గోడలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు ప్రాణం తీస్తుంది. దానితో నడిచే మోటారుకు రిలే కావాలి. రిలే తీగచుట్టను ట్రాన్సిస్టరు నడుపుతుంది. 230 వోల్టుల తీగలు దానికి తగలకుండా వేరుగా ఉంటాయి. ఆ తీగలను బిగించడం శిక్షణ పొందిన ఎలక్ట్రీషియను పని, పిల్లల పని కాదు.

ఆ బాలిక కథ అంతటితో ఆగలేదు. అదే బోర్డులో చెడని మరొక పిన్నును ఎంచుకొన్నది. నిరోధకం, ట్రాన్సిస్టరు, డయోడు అమర్చి, రెండు ఋణధ్రువాలను కలిపింది. మరునాడు మట్టి ఎండగానే పంపు తిరిగింది. చూడవచ్చినవారు ఎందుకు తిరిగిందని అడిగితే, తూము పోలికతో తెలుగులో విడమరచి చెప్పింది.

పరభాషా ప్రాంతంలో డెబ్బది ఐదు సంవత్సరాలుగా తెలుగులో పాఠం చెప్పిన బడికి ఇంతకన్న కావలసినదేమి? పరికరాల పేర్లు ఏ భాషవైనా కావచ్చు. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు సమాధానం మాత్రం బిడ్డకు తన సొంత మాటల్లో అందాలి. అలా అందిననాడు, కాలిన ఒక పిన్ను ఏ బిడ్డ చదువునూ ఆపలేదు.

స్వస్తి.