పరదేశ ధనము, పరిశోధక ధర్మము



విదేశ సంస్థల ధనసహాయముతో మన విశ్వవిద్యాలయములలో సాగుచున్న పరిశోధనకును, ఎగుమతి నియంత్రణ శాసనములకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ఎగుమతి యనగానే ఓడలును, రేవులును, సుంకపు కచేరీలును మన మనస్సునకు దోచును. కాని శాసనదృష్టిలో, నియంత్రిత విజ్ఞానమునకు సంబంధించిన యొక రేఖాచిత్రమును ఈమెయిలున విదేశమునకు బంపుటయు ఎగుమతియే.

1992 నాటి విదేశ వాణిజ్య చట్టమునకు 2010లో జరిగిన సవరణమును, సామూహిక విధ్వంసక ఆయుధములను గూర్చిన 2005 నాటి చట్టమును మన దేశమున నీ నియంత్రణమునకు ఆధారములు. విశేష రసాయనములు, సూక్ష్మజీవులు, పదార్థములు, పరికరములు, సాంకేతిక విజ్ఞానము స్కోమెట్ అను పట్టికలో వర్గీకరింపబడియున్నవి. 2016లో క్షిపణి సాంకేతిక నియంత్రణ వ్యవస్థయందును, 2017లో వాసెనార్ కూటమియందును, 2018లో ఆస్ట్రేలియా గ్రూపునందును, అనగా అంతర్జాతీయ ఎగుమతి నియంత్రణ కూటములందు, భారతదేశము చేరిన పిదప మన బాధ్యత మరింత గురుతరమైనది.

అట్లని శాసనము శాస్త్రజ్ఞుని నోరు నొక్కదలచినదని భ్రమింపరాదు. నిర్బంధము లేక లోకమునకు వెల్లడియైన విజ్ఞానమును, ప్రకృతి రహస్యముల నెరుగుటకే గావించు మౌలిక పరిశోధనను వాసెనార్ నియమములు నియంత్రణమునుండి మినహాయించినవి. అమెరికా అధ్యక్షుడు రీగన్ 1985లో వెలువరించిన ఆదేశమును, మౌలిక పరిశోధనా ఫలములు సాధ్యమైనంతవరకు నిరాటంకముగ నుండవలెననియే పలికినది.

ఈ యాశ్రయము చేజారునది ఒప్పందపత్రమున. దాత వ్రాతపూర్వకముగ అనుమతింపనిదే ఫలితములను ప్రకటింపరాదను ఒక్క వాక్యము నంగీకరించితిమా, ఆ విజ్ఞానము లోకసామాన్యమను వాదమునకు బలము తొలగును. తన వాణిజ్య రహస్యమేదైన బయటపడునేమో యని, పేటెంటు హక్కు చెడునేమో యని దాత వ్యాసమును ముందుగా స్వల్పకాలము పరిశీలించుట వేరు; ప్రకటననే నిషేధించు నధికారము నతని చేతికిచ్చుట వేరు. మొదటిదానిని అమెరికా నిబంధనలును సహించును. రెండవది ఆ మినహాయింపునకే గండి కొట్టును. మరియు ఫలితములు స్వేచ్ఛాప్రచారమునకు దగినవైనను, దాత రహస్యముగ నొసగిన విజ్ఞానమునకును, మనము విదేశమునకు బంపు పరికరమునకును ఆ స్వేచ్ఛ వర్తింపదు.

ఈ శాసనముల నుపేక్షించిన నేమగునో యొక నిదర్శనము చూడుడు. అమెరికాలోని టెనెస్సీ విశ్వవిద్యాలయమున ప్లాస్మా శాస్త్రమున పేరెన్నికగన్న ఆచార్యుడు జాన్ రీస్ రాత్, మానవరహిత విమానములకై అమెరికా వైమానిక దళపు ధనముతో సాగిన పరిశోధనలో చైనా, ఇరాన్ దేశీయులగు విద్యార్థులకు నియంత్రిత సమాచారమును అందనిచ్చి, 2006లో అట్టి సమాచారమును తన వెంట చైనాకు గొనిపోయెను. విశ్వవిద్యాలయాధికారి ముందే హెచ్చరించినను ఆయన లెక్కింపలేదు. 2008లో దోషిగ నిర్ణయింపబడి, మరుసటి యేట నాలుగేండ్ల కారాగారశిక్షకు గురియయ్యెను. అచ్చట ధనదాత స్వదేశ ప్రభుత్వమే. ధనమెవ్వరిదైనను, విజ్ఞానమెవరి చేతికి బోవుచున్నదో యనునదియే శాసనమునకు ముఖ్యము. అమెరికాలో నియంత్రిత విజ్ఞానమును పరదేశీయునకు దెలుపుట, అచ్చటి ప్రయోగశాలలోనే జరిగినను, అతని దేశమునకు ఎగుమతి చేసినట్లే పరిగణింపబడును. కావున అచ్చట చదువుచున్న మన తెలుగు విద్యార్థులకును ఈ విషయము పరాయిది కాదు.

కనుక ప్రతి విశ్వవిద్యాలయమును ఈ శాసనముల నెరిగిన యధికారి నొకని నియమింపవలెను. ఆచార్యుడును ధనము వచ్చిన సంతోషమున పత్రముపై సంతకము చేయక, విషయము పట్టికలో నున్నదా, దాత యెవరు, ప్రకటనకు అడ్డమేమైన గలదా యని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. సందేహము గలిగినచో అనుమతి కోరుట అవమానము గాదు, జాగరూకత. అన్నిటికంటె ముఖ్యముగ, ఎంత ధనము వచ్చినను ప్రకటనాస్వేచ్ఛను విక్రయింపకుడు. విద్వాంసుని గౌరవమునకును, శాసనము నతనికొసగిన రక్షణకును మూలమదియే. దానిని వదలుకొన్న నాడు మనము ధనదాత కర్మాగారములో పనివారమగుదుము గాని విశ్వవిద్యాలయాచార్యులము గాజాలము.