చలిదేశంలో ప్లగ్-ఇన్ కారు: రంగూన్ నుంచి ఒక మాట
(రేడియో ప్రసంగ పాఠం)

రంగూన్‌లో కూర్చుని మంచుదేశాల్లో కారు నడపడం గురించి మాట్లాడుతున్నానంటే మీకు నవ్వు రావచ్చు. 1989లో ఊరి పేరు యాంగోన్ అని మార్చారు గానీ మా ఇళ్ళల్లో ఇంకా రంగూనే. ఇక్కడ జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగితే చాలు, శాలువాలు బయటికొస్తాయి.

ఆమధ్య కెనడాలోని ఎడ్మంటన్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళు కొత్తగా ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొన్నారు. అంటే ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేసుకోవచ్చు, చార్జి అయిపోతే పెట్రోలు మీద నడుస్తుంది. "నాన్నా, బ్యాటరీ నిండా ఉన్నా ఇంజను దానంతటదే స్టార్టవుతోంది, కారు చెడిపోయిందా?" అని అడిగింది.

చెడిపోలేదు. మామూలు పెట్రోలు కారులో హీటరుకి వేరే ఖర్చంటూ లేదు. ఇంజను ఎలాగూ వదిలేసే వేడినే లోపలికి మళ్ళిస్తారు. కరెంటు మోటారు అంత వేడి వదలదు. కాబట్టి వేడిని బ్యాటరీతో పుట్టించాలి, లేదా ఇంజనుని లేపాలి. కరెంటు హీటరు 5 కిలోవాట్లు లాగిందనుకోండి, అరగంటకి రెండున్నర యూనిట్లు. పది యూనిట్ల బ్యాటరీలో పావు వంతు అక్కడికే సరి! హీట్ పంపు ఉన్న కార్లు తక్కువతో సరిపెట్టుకుంటాయి గానీ, చలి మరీ ముదిరితే దాని బలమూ తగ్గుతుంది. పైగా గడ్డకట్టే చలిలో బ్యాటరీ కూడా బద్ధకిస్తుంది. అందుకే చాలా మోడళ్ళలో ఇంజను తనంతట తాను లేస్తుంది.

మరి ఏం చెయ్యాలి? ప్లగ్గు తియ్యకముందే, గోడ కరెంటుతోనే కారుని వెచ్చబరచుకోవాలి. ఇక్కడ ఏప్రిల్ ఎండల్లో మేం చేసేదీ అదే, కాకపోతే చల్లబరచుకుంటాం. 2021 తర్వాత మాకు కరెంటు కోతలు బాగా పెరిగాయి. కరెంటు ఉన్న కాస్సేపట్లోనే పంపూ, ఇన్వర్టరూ, కారూ అన్నీ కానిచ్చుకోవడం అలవాటైపోయింది. మీకు ఇరవైనాలుగ్గంటలూ ప్లగ్గు ఉంది, అదృష్టవంతులు, వాడుకోండి. సీటు హీటరు వేసుకుంటే ఇంకా తక్కువలో పోతుంది.

మా అల్లుడుగారు మాత్రం కరెంటు ఆదా అని హీటరు పూర్తిగా కట్టేసి, పిల్లల్ని బడికి తీసుకెళ్ళారట. ఊపిరి ఆవిరికి అద్దం మసకబారితే చేత్తో తుడుచుకుంటూ నడిపారట! ఆ ఆదా వద్దు బాబూ అన్నాను. అద్దం మీదికి వెచ్చటి గాలి ఎప్పుడూ ఉండాల్సిందే. ఇక్కడ వానాకాలంలో మాదీ అదే అవస్థ.

అసలు నేను ఇవ్వాళ మైకు ముందుకి వచ్చింది ఇంకో మాట కోసం. అమ్మాయి అంది, "కారు గరాజ్‌లోనే ఉంటుంది నాన్నా, తలుపు మూసి ఉంచే ఫోన్‌తో హీటరు ఆన్ చేస్తాం" అని. నాకు గుండె ఝల్లుమంది. కరెంటు పోగానే రంగూన్ పేవ్‌మెంట్ల మీద జనరేటర్లు మొదలవుతాయి. చెవులు చిల్లులు పడుతున్నా వాటిని గదిలోకి మాత్రం తేకూడదు. ఎందుకంటే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. జనరేటరైతే మోతతో తానున్నానని చెబుతుంది. ఈ కారు నిశ్శబ్దంగా ఉంటుంది, కరెంటు మీద ఉందనే అనుకుంటాం, ఇంతలో ఇంజను లేస్తుంది. బటన్ నొక్కి నడిపే కార్లను గరాజ్‌లో ఆపడం మరిచిపోయి, 2006 నుంచి అమెరికాలో రెండు డజన్ల మందికి పైగా చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసింది.

కొన్ని మోడళ్ళు ఫోన్‌తో ఆన్ చేస్తే కరెంటుతోనే వెచ్చబడతాయి. కొన్ని బాగా చలైతే ఇంజను స్టార్టు చేస్తాయి. మీది ఏ రకమో మాన్యువల్ తీసి చూడండి. రెండో రకమైతే కారు ఆరుబయటే ఉండాలి. గరాజ్ తలుపు తీసి ఉంచితే చాలదు, పొగ ఇంట్లోకి రావచ్చు. బయట కూడా, వెనక పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుంటే ముందు తవ్వి తియ్యండి.

మాన్యువల్ చూస్తే వాళ్ళది రెండో రకమేనట. ఇప్పుడు వాకిట్లోకి తీసి, అక్కడే ప్లగ్గు పెడుతున్నారు. గరాజ్ పక్కన పిల్లలు పడుకునే గదిలో అలారం కూడా బిగించారు. మొన్న ఫోటో పంపింది.